ఆరు జానల గాడి, ఏడు జానల బండి

మెట్టసీమను ఏలే దండిభూపతికి తన అరచేతులంటే మహా మోజు. విసనకర్రలంత చేతులు మరి. ఒక ఉదయం తాంబూలం నములుతూ తన చెయ్యి తనే చూసుకుని మురిసిపోయి, "ఇకనుంచి మన రాజ్యంలో ప్రతి బండికీ రెండు చక్రాల నడుమ నా జానతో ఆరు జానలు ఉండాలి" అన్నాడు.

రథశాల అధికారి శరభయ్య ఇలాంటి మాట కోసమే కాచుకుని ఉండే మనిషి. నెల తిరిగేలోగా కొండదారి పొడవునా రాతిలో ఆరు జానల ఎడంతో రెండు గాడులు తొలిపించేశాడు. చక్రాలు ఆ గాడుల్లో పడితే బండి హాయిగా సాగుతుంది. పడకపోతే అంగుళం కదలదు.

ఈ కబురు సముద్రపు ఒడ్డున ఉన్న తీరసీమకు చేరింది. అక్కడి లంకభూపతికి మన రాజు పేరు వింటేనే ఒళ్లు మంట.

"చెయ్యి ఆయనొక్కడికేనా ఉంది? మన బండ్లు నా జానతో ఆరు" అని ఆయనా హుకుం జారీ చేశాడు.

ఇంకేముంది, తీరసీమ బండ్లు కొండదారి మొదట్లోనే ఒక చక్రం గాడిలో, ఇంకోటి గట్టు మీద పెట్టుకుని ఒరిగిపోయాయి. అక్కడ ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. సరుకు దించి వేరే బండికి ఎక్కిద్దామన్నా చోటు లేదు.

ఆ బండ్లలో మెట్టసీమకు వచ్చేది ఉప్పు. అవి ఆవకాయ రోజులు.

ఊరంతా మామిడికాయలు తెచ్చుకుని, కారం కొట్టించి, ఆవపిండి ఆరబెట్టి, జాడీలు కడిగి బోర్లించుకుని కూర్చుంది. ఉప్పు లేదు. కాయలేమో రోజురోజుకూ మెత్తబడుతున్నాయి. చివరికి రాణిగారే సభకు వచ్చేశారు.

"పది రోజుల్లో ఉప్పు రాకపోతే ఈ ఏడు ఆవకాయ లేదు. మీరు అన్నంలో ఆ జానలే కలుపుకోండి" అన్నారు.

రాజుకు ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. అయినా బింకం పోతుందా? "నా గాడి వెంట్రుకవాసి జరగడానికి వీల్లేదు. ఆ లంకభూపతిని బతిమాలడానికీ వీల్లేదు" అన్నాడు.

అప్పుడు రాజుగారి పక్కనే నిలబడి తాంబూలం చుట్టి అందించే నల్లప్ప గొంతు సవరించుకున్నాడు. "గాడి జరపకుండా, ఎవరినీ బతిమాలకుండా నేను ఉప్పు తెప్పిస్తాను ప్రభూ."

"తేలేకపోతే సగం మీసం గొరిగించి పొలిమేర దాటిద్దాం" అన్నాడు శరభయ్య ఉత్సాహంగా. రాజు సరేనన్నాడు.

రాజలేఖల అడుగున వేళ్లు చాపి కుంకుమతో చేతిముద్ర వేయడం ఆ రెండు సీమల ఆచారం. నల్లప్ప ఇద్దరు రాజుల లేఖలూ పక్కపక్కన పెట్టుకుని, దారంతో ఆ ముద్రలు కొలిచాడు. ఒకటికి రెండుసార్లు కొలిచాడు. తనలో తనే నవ్వుకుని తీరసీమకు బయలుదేరాడు.

లంకభూపతి ముందు చేతులు కట్టుకుని నిలబడి, "తమరి బండ్లూ ఆరు జానలేనట కదా ప్రభూ. మమ్మల్ని చూసి రాసుకున్నారని మా ఊళ్లో ఒకటే నవ్వులు" అన్నాడు.

లంకభూపతి మొహం కందగడ్డయింది. "అయితే ఏడు చేయిస్తాను."

"అమ్మో, ఏడే? మా వాళ్లు తల ఎక్కడ పెట్టుకుంటారు? అంత పని చేయకండి ప్రభూ."

"అలాగా? అయితే ఎనిమిది!"

నల్లప్పకు పై ప్రాణం పైనే పోయింది. కొంప మునిగిందనుకున్నాడు. "ఎనిమిదైతే మీ కోట గుమ్మంలో బండి పట్టదేమో ప్రభూ" అన్నాడు.

లంకభూపతి గుమ్మం వైపు చూశాడు. కాసేపు మనసులో కొలుచుకున్నాడు. "సరే, ఏడే" అన్నాడు.

ఆ పూటే వడ్రంగులు కొత్త ఇరుసులు చెక్కడం మొదలుపెట్టారు.

పదో రోజున రాజూ రాణీ, వాళ్ల వెనక జాడీలతో ఊరంతా కొండదారి చివర నిలబడి ఎదురుచూస్తున్నారు. నల్లప్ప మీసం నిమురుకుంటున్నాడు, ఎందుకైనా మంచిదని. ఇంతలో శరభయ్య రొప్పుతూ వచ్చాడు.

"ద్రోహం ప్రభూ! వీడు దగ్గరుండి లంకభూపతి చేత ఏడు జానలు చేయించాడు. మనకంటే ఒకటి ఎక్కువ. వెంట మంగలిని కూడా తెచ్చాను."

రాజు కళ్లు ఎర్రబడ్డాయి. నోరు తెరవబోయేంతలో గలగలమని ఎడ్ల గంటలు వినిపించాయి. ముందు ఒక బండి, దాని వెనక ఇంకోటి, ఆ వెనక ముప్ఫై. అన్నిటి చక్రాలూ గాడుల్లోనే ఉన్నాయి. అన్నిటి నిండా ఉప్పు బస్తాలే.

రాజు గబగబా ముందుకు వచ్చి, మొదటి బండి కింద తనే చెయ్యి చాపి కొలిచాడు. "సరిగ్గా ఆరు" అన్నాడు తెల్లబోయి.

బండివాడికి రోషం వచ్చింది. "ఆరేంటండీ, ఏడు. మా రాజుగారు స్వయంగా కొలిచారు."

రాజు మళ్లీ కొలిచాడు. మళ్లీ ఆరే. నల్లప్ప వైపు తిరిగాడు. "ఏమిట్రా ఈ మాయ?"

నల్లప్ప నెమ్మదిగా చెప్పాడు.

"మీరు ఆరుసార్లు చెయ్యి చాపిన దూరానికి ఆయన ఏడుసార్లు చాపాలి ప్రభూ. పెద్ద లెక్క ఆయనకిచ్చాను. పెద్ద చెయ్యి మీకే ఉంచాను."

రాజు ఒక్క క్షణం తన అరచేతిని చూసుకున్నాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఊరంతా నవ్వింది, మంగలితో సహా.

"ఈ సంగతి లంకభూపతికి తెలిస్తేనో?" అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ.

"నేను చెప్పనండీ" అన్నాడు బండివాడు. "మళ్లీ ఇరుసు మార్చే ఓపిక నాకు లేదు."

రాజు తన చేతి బంగారు కడియం తీసి నల్లప్పకు తొడిగాడు. అది జారి భుజం దాకా పోయింది. ఆ సంబరంలోనే రాజు ఉప్పు బస్తా విప్పి, జాడీలోకి పోయడానికి దోసిలి పట్టాడు.

రాణిగారు అడ్డుపడ్డారు. "చేతులు తీయండి. ఆవకాయలో ఉప్పు నేను కొలిచే సోలతోనే పడాలి. మొదటి జాడీ మాత్రం నల్లప్పకి."