పికిలిపిట్ట రెండో గూడు

ఏడుస్తూ అడిగిన ప్రశ్నకు ఆశ్రమం నడిపే విశ్వరూపయ్యగారు నోటితో జవాబు చెప్పరు. అడిగినవారికి ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ సంగతి తెలిసి కూడా, జ్యేష్ఠంలో ఒకనాటి పొద్దున పార్వతాలు ఆయన ముందు కూర్చుని అడగనే అడిగింది.

"ఒకే కడుపు కదా అయ్యవారూ. పెద్దవాడు గుండ్రాయిలా ఉన్నాడు. వీడు చూడండి, పుల్లలా ఉన్నాడు. నావల్ల ఏం తప్పు జరిగింది?"

ఒళ్లో ఉన్నవాడు ఇంకా పాలు తాగే పసివాడు. ఇక పిల్లలు కలగరని ఇంటిల్లిపాదీ అనుకున్నాక, ఆమె జుట్టు నెరిసే వేళకు పుట్టాడు. ఎప్పుడో సగంలో వదిలేసిన సోమవారాల నోమే ఇలా కొట్టిందని పార్వతాలు తనకు తానే తీర్పు చెప్పుకుంది. అప్పట్నుంచి ఒంటిపూట భోజనం, అదీ దీపాలు పెట్టాకే. పాలు చాలక వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, తన నిష్ఠ చాలలేదు కాబోలు అనుకునేది.

అయ్యవారు పసివాడి పాదం ఒకసారి నిమిరారు. గోరింట కంచెలో పికిలిపిట్ట మళ్లీ గూడు పెట్టిందని, కాసేపు దాన్ని చూసి రమ్మని చెప్పి లేచిపోయారు.

పిట్టను చూస్తూ కూర్చునే మనసా ఆమెది! ముందు తన సేవ ముగించాలి. ఆ ఆశ్రమంలో పురుగును చంపరు. తోటకూర మడిలో పట్టే ఆకుపచ్చ పురుగులను పుల్లతో ఏరి, కుండలో వేసుకుని, కాలువ దాటి అవతలి గట్టున వదిలి రావాలి. పార్వతాలు ఆ పని కోరి అడిగి తీసుకుంది. వంటశాల చూసే తిరపతమ్మ నవ్వుతూనే ఉండేది, పురుగులను కాలువ దాటించే పుణ్యం నీకు దక్కింది గానీ మనల్ని దాటించేవాళ్లే లేరు పిల్లా అని.

పసివాణ్ణి వసారాలో ఉయ్యాలలో వేసి, మడంతా ఏరి, కుండ చంకన పెట్టుకుని పార్వతాలు కంచె దగ్గరికి వెళ్లింది.

ఆ పిట్టను ఆమె ఎరుగును. తోకలో ఒక ఈక వంకర. ఉగాది రోజుల్లో ఇదే కంచెలో పిల్లల్ని చేసింది. అప్పుడు చెట్లన్నీ చిగురు మీద ఉండేవి, ఏ ఆకు తిప్పినా పురుగే. తల్లీ తండ్రీ తెచ్చి పెట్టిందే పెట్టడం. పిల్లలు బంతుల్లా తయారై, గూడు చాలక ఒకదాన్నొకటి తోసుకుని, ఒక పొద్దున ఎగిరిపోయాయి.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. ఆకు బిరుసెక్కింది. వాన జాడ లేదు. గూట్లో రెండు పిల్లలు మెడ నిలవక ఊగుతూ నోళ్లు తెరుస్తున్నాయి. ఈకలు విచ్చుకోనేలేదు, ముళ్లలా అలాగే ఉన్నాయి. తల్లి ఏదో ఎండిన పండు తొక్క తెచ్చి ఒకదాని నోట్లో పెట్టింది. అది మింగలేక కక్కేసింది. తల్లి మళ్లీ తీసింది, మళ్లీ పెట్టింది. పిల్లల్ని ఎప్పుడు కనాలో పిట్టకు ఎవరు చెబుతారో, ఒక్కోసారి ఇంత ఆలస్యంగా ఎందుకు చెబుతారో!

తల్లిపిట్ట నిమ్మకొమ్మ వెతికింది. పాదుల పందిరి వెతికింది. చివరికి తోటకూర మడిలో వాలి ఆకు ఆకూ తిప్పి చూసింది. ఖాళీ ముక్కుతో తిరిగొచ్చింది.

పార్వతాలు కుండలోకి చూసింది. తోట మొత్తంలో తడి ఉన్నది ఆ మడి ఒక్కటే. పురుగున్నదీ అక్కడే. ఉన్నవన్నీ తన చంకలో ఉన్నాయి.

'అదే తల్లి. అవే రెక్కలు. ఇది ఏ నోము వదిలిందని?' అనుకుంది. అనుకున్న మాట దగ్గర నిలబడే తీరిక కూడా దొరకలేదు. కుండ కాలువకు చేరిస్తే నియమం నిలుస్తుంది. ఇక్కడ వంపితే ఇన్ని ప్రాణాల పాపం. కాలువ వైపు నడిచింది. వెనక్కి వచ్చింది. మళ్లీ నడిచింది. అంతలో వసారాలోంచి పసివాడి ఏడుపు వినబడింది. గట్టిగా ఏడవడానికి కూడా సత్తువ లేని ఏడుపు.

ఆమె వెనక్కి వచ్చి కంచె మొదట్లో కుండ బోర్లించేసింది. నాలుగు అడుగులు ఇవతలికి జరగగానే పిట్ట కిందికి దిగింది.

పార్వతాలు బిడ్డను చంకనేసుకుని అయ్యవారి దగ్గరికి పోయింది. నియమం తప్పానని చెప్పింది. ఏరిన పురుగులన్నీ పిట్టకు వేశానంది. గూట్లోవి బతుకుతాయో లేదో తెలియదంది. చివరికి, "దీనికి కూడా ఏదైనా ఉపవాసం చెప్పండి అయ్యవారూ" అంది.

పసివాడు ఆమె పైటకొంగు నోట్లో పెట్టుకుని చీకుతున్నాడు. అయ్యవారు వాడినే చాలాసేపు చూశారు.

"అది సరే తల్లీ, పొద్దుట్నుంచి నువ్వేం తిన్నావు?" అని అడిగారు.