ముందు తినేవాడు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త గవరమ్మ. పెళ్లిళ్లకు వంట చేసేది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చెప్పింది కాబట్టి నేను చెప్పేదే అసలుది. వినండి పిల్లలూ, మధ్యలో లేవకండి.

సముద్రం ఒడ్డున కోట కట్టుకుని ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ఆకలి ఎక్కువ, నమ్మకం తక్కువ. అందుకని తనకంటే ముందు తినడానికి ఒక మనిషిని పెట్టుకున్నాడు. వాడి పేరు సోమన్న, వంటవాడి కొడుకు. వాడి పని చూడ్డానికి సులువే. ప్రతి వంటకమూ కొంచెం వేరే ఆకులో వేసుకోవాలి, రాజుగారి విస్తరి ఎంగిలి కాకూడదు. తినాలి. నూరు లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడాలి. బతికుంటే అప్పుడు రాజు తింటాడు. ఆ నూరు అంకెల్లో వాడి ప్రాణం నూరుసార్లు పోయి వచ్చేది. పదేళ్లు చేసినా ఆ గుబులు పోలేదు. నిద్రలోనూ లెక్కపెట్టేవాడు.

తన ఆకులో మిగిలినదాన్ని మూడు ముద్దలు చేసి ఒకటి చీమలకు, ఒకటి కాకికి, ఒకటి కోట గోడ కింద తిరిగే పెద్ద చేపకు వేసేవాడు.

రాజుగారి కూతురు కనకవల్లి వాణ్ని ఆటపట్టించేది. "ఏం సోమన్నా, మాకేమైనా మిగిల్చావా? అంతా రుచి చూసేశావా?"

"మిగిల్చానమ్మా. కాకరకాయ కూర మొత్తం మీకే."

ఒకరోజు ఏడు సముద్రాల అవతలి నుంచి మాంత్రికుడొకడు వచ్చి కనకవల్లిని ఇచ్చి పెళ్లి చేయమన్నాడు. రాజు పొమ్మన్నాడు. వాడు పోతూ పోతూ ఆమె పాయసంలో ఏదో పొడి చల్లిపోయాడు. సోమన్న రాజు విస్తరి చూశాడు గానీ ఆమె విస్తరి చూడలేదు. చూడమని ఎవరూ చెప్పలేదు. ఆ పూట నుంచి ఆమె నోటికి అన్నం బూడిద, పాలు బూడిద, తేనె బూడిద. పిల్ల చిక్కి సగమైపోయింది.

రాజు ఒకచోట కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతూ సోమన్నతో అన్నాడు: "నెల తిరిగేలోగా దాని నోటికి రుచి తేవాలి. లేకపోతే నీ తల ఉండదు."

"నా తల సంగతి రోజూ ఉండేదే ప్రభూ," అన్నాడు సోమన్న. "అమ్మాయిగారు నెల ఆగలేరు. ఇప్పుడే పోతా."

వాడు మాంత్రికుడి దగ్గరికి పోదామని ఒడ్డుకు రాగానే, "నా వీపెక్కు. నీ చేతి ముద్ద తిన్నదాన్ని," అంది చేప. చీమలు వాడి తలపాగాలో దూరాయి. కాకి ముందు ఎగిరింది. చేప ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది.

కాకి మాంత్రికుడి తోటంతా తిరిగొచ్చి, "వాడి ప్రాణం ఒక చిలకలో ఉందట. అయితే ఇక్కడ ఏడొందల చిలకలున్నాయి," అంది.

సోమన్నకు కాలు నిలవలేదు. మొదటి రోజు బంగారు ముక్కు చిలకను పట్టాడు. కాదు. మేడ మీంచి మాంత్రికుడు నవ్వాడు. రెండో రోజు మంత్రాలు చదివే చిలకను పట్టాడు. అదీ కాదు. మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "రేపూ తప్పావంటే ఏడొందల ఒకటో చిలకవి నువ్వేరా!"

మూడో రోజు సోమన్న ఏ చిలకా పట్టలేదు. జామచెట్టు కింద కూర్చుని చూశాడు. చిలకలన్నీ పళ్లమీద పడి పొడుచుకు తింటున్నాయి. ఈకలూడిన ముసలి చిలక ఒకటి మాత్రం కొమ్మమీద ఊరికే కూర్చుంది. ఇంకో చిలక ఒక పండు కొరికి తిని, మిగతాది దాని ముందు పెట్టి, కదలకుండా నిలబడింది. సోమన్న నోట్లో అంకెలు వాటంతటవే మొదలయ్యాయి. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, నూరు. అప్పుడు తింది ముసలిది.

ఎవరికోసం ఇంకొకరు ముందు తింటారో, ఆ ప్రాణమే విలువైందని సోమన్నకు తెలియదా? ఒక్క గెంతులో దాని మెడ పట్టాడు.

మాంత్రికుడు కత్తి దూసి పరుగెత్తుకొచ్చాడు. చీమలు తలపాగాలోంచి దిగి వాడి కాళ్లు పట్టి కుట్టాయి. వాడు గంతులేస్తూ, "వదులు నాయనా, ఏం కావాలన్నా ఇస్తా!" అని ఏడ్చాడు.

"ఆమె రుచి ఆమెకిచ్చెయ్. చిలక నా దగ్గరే ఉంటుంది. చంపను."

"ఇచ్చాను, ఇచ్చాను!"

సరిగ్గా అప్పుడే అక్కడ కోటలో కనకవల్లి చారు ఉమ్మేసి, "ఇందులో ఇంత ఉప్పు పోసిందెవరే?" అని కేకేసింది. ఆ తిట్టు విని రాజు సంతోషంతో ఏడ్చాడు.

సోమన్న పంజరంతో తిరిగొచ్చాడు. కనకవల్లి "చేసుకుంటే ఇతన్నే" అంది. పెళ్లి విందులో సోమన్న అలవాటుకొద్దీ ముందుగా ముద్ద ఎత్తాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుంది.

"ఈ పూట నేను ముందు."

తిని, కదలకుండా కూర్చుని నూరు లెక్కపెట్టింది. పదేళ్లలో పడని గుబులు ఆ నూరు అంకెల్లో పడ్డాడు సోమన్న. అప్పుడామె నవ్వి, "బాగానే ఉంది, తిను," అంది. తర్వాత వాళ్లు చాలాకాలం రాజ్యం ఏలారు. ఆ కోటలో మళ్లీ ఎవరూ ఇంకొకరికంటే ముందు తినలేదు. అందరూ ఒక్కసారే ముద్ద ఎత్తేవారు.

మా ఊరి పంతులు వీరభద్రం ఈ కథను పుస్తకంలో వేయించాడు. సోమన్నను రాజకుమారుణ్ని చేశాడు. చిలక మెడ విరిపించాడు. మా అత్త పేరు తీసేశాడు. ముప్పై ఏళ్లుగా వాడికీ నాకూ మాటల్లేవు. నేను కూడబలుక్కుని, పిల్లలకు చెప్పినట్టే ఈ నాలుగు ముక్కలు రాశాను. చదువొచ్చినవాళ్లు ఎవరైనా ఆ పుస్తకం దిద్దండి. సోమన్న వంటవాడి కొడుకు. మాటిచ్చాక చంపలేదు. కథ గవరమ్మది.