పల్లకీలో ఎంతమంది?

రాచబాట కిక్కిరిసిపోతోందని రాజుగారు ఒక శాసనం చేశారు. ముగ్గురికి తగ్గకుండా కలిసి వెళ్లేవాళ్లకు నడిమి రాతిదారి, ఒంటరిగా పోయేవాళ్లకు పక్కనున్న బురదదారి.

ఆ మధ్యాహ్నం పల్లకీ మోస్తున్న పైడన్నకు కడుపు మండిపోతోంది, ఆకలికి సగం, కోపానికి సగం. పొద్దున సత్రంలో "ఎన్ని విస్తళ్లు వెయ్యమంటారు?" అని అడిగితే, పల్లకీలో వెళ్తున్న దివాను నరసింగరాయుడు "ఒకటే. బోయీలు మనుషుల లెక్కలోకి రారు" అన్నాడు. నలుగురు బోయీలూ మంచినీళ్లు తాగి పల్లకీ ఎత్తారు.

రాతిదారి మొదట్లో కావలివాడు ఆపాడు. "అయ్యా, తమరొక్కరేగా?"

"కళ్లు మూసుకుపోయాయా? నేనూ, బోయీలు నలుగురూ. ఐదుగురం!" అని గద్దించాడు దివాను.

పైడన్న పళ్లు కొరికాడు. తోటివాళ్లకు సైగ చేసి, పల్లకీని తీసుకెళ్లి బురదలో దించాడు.

"ఏంట్రా ఇది?"

"విస్తరి దగ్గర లేని మనుషులం దారి దగ్గర ఎలా పుట్టుకొచ్చాం దొరా? సరే, మనుషులమని తమ నోటితోనే అన్నారు. మనుషులకు ఆకలేస్తుంది. మేం నలుగురం, రాతిదారిన ముందున్న సత్రానికి పోతున్నాం. తమరు ఒక్కరు. తమ దారిలోనే దించాం."

నలుగురూ భుజాలు దులుపుకుని నడిచారు. బురదలోంచి దివాను వాళ్ల వెనక పరుగెత్తబోతే, కావలివాడు ఈటె అడ్డం పెట్టాడు.