వెండి చారల భయం

అనగనగా, వానలు అన్ని ఊళ్లకన్నా ముందు దిగే కొండల కింద, మేఘవరం అనే రాజ్యం. దాన్ని ఏలేవాడు విజయకేతుడు. ఆయన రాణి హైమవతికి పూలంటే ప్రాణం. అంతఃపురం వెనక ఆమె కోసం వేసిన తోటలో బంతులు, మెట్టతామరలు, చేమంతులు విరగబూసేవి.

ఆ తోటలోకి తోటమాలి నూకయ్య తప్ప పరాయివాళ్లెవరూ అడుగు పెట్టకూడదు. పెట్టినా, పెట్టనిచ్చినా పులికోన అడవిలో వదిలేయమని రాజాజ్ఞ. పులికోనకు పోయినవాడు తిరిగొచ్చాడని ఎవరూ వినలేదు.

నూకయ్య పనిమంతుడే గాని ఉత్త పిరికివాడు. అయినా ఏటా ఒక సాహసం చేసేవాడు. వానాకాలం రాగానే, తెలతెలవారుతుండగా పెరటి వాకిలి తీసి, బాతులు కాచుకునే అసిరమ్మను లోపలికి రానిచ్చేవాడు. ఆమె బాతులు బిలబిలమంటూ పాదుల్లో దూరి నత్తల్ని ఏరుకు తినేవి. వాటి కడుపు నిండేది, పూలకు గండం తప్పేది. ఈ సంగతి వాళ్లిద్దరికే తెలుసు.

ఆ ఏడు రాణి కడుపుతో ఉంది. రాజు జాగ్రత్త కొద్దీ పెరటి వాకిట భటులను కాపలా పెట్టాడు. అసిరమ్మ బాతులతో వచ్చి, దూరం నుంచే భటులను చూసి వెనక్కు మళ్లింది.

ముసురు పట్టింది.

మొదట బంతులు పోయాయి. ఒక ఉదయం చూస్తే పూరేకులు లేవు, ఆకులు లేవు, కాడలు మాత్రం నిలబడి ఉన్నాయి. రాళ్ల బాట మీద వంకర టింకరగా వెండి చారలు మెరుస్తున్నాయి.

రాజు ఆస్థాన జ్యోతిష్కుణ్ణి పిలిపించాడు. ఆయన వంగి చూశాడు. చప్పున వెనక్కు జరిగాడు.

"మహారాజా, ఇది మనుషుల పని కాదు. ఏదో పిశాచం నాలుక చాపి నాకిన జాడ ఇది" అన్నాడు.

ఆ మాట కోట దాటింది. పొద్దు వాలకముందే ఊరివాళ్లు తలుపులు బిగించుకోసాగారు. భటులు గోడకు వీపులు ఆనించి, తోటవైపు చూడకుండా కాపలా కాశారు. చీకటి పడ్డాక తోటలో ఏం జరుగుతోందో చూసే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది.

నూకయ్యకు మాత్రం అనుమానం వచ్చింది. తడి నేల మీదున్న పూలకుండీని పక్కకు వంచి చూశాడు. అడుగున ఒకదాన్నొకటి అంటుకుని నత్తలు! చిప్పలున్నవి కొన్ని, చిప్పల్లేనివి కొన్ని.

చెబుదామని రెండడుగులు వేశాడు. అంతలోనే ఆగిపోయాడు.

'నత్తలంటే, ఇన్నేళ్లూ ఎందుకు రాలేదని అడుగుతారు. బాతులు తినేవంటే, బాతుల్ని ఎవరు రానిచ్చారని అడుగుతారు. ఆ తర్వాత పులికోనే!'

నోరు మూసుకున్నాడు. ఎవరూ చూడకుండా దొరికిన నత్తల్ని దొరికినట్టు ఏరి పారేశాడు. కానీ కుళ్లిన ఆకుల కింద నుంచి అంతకు మించి పుట్టుకొచ్చాయి.

తర్వాత మెట్టతామరలు పోయాయి. ఆకులన్నీ జల్లెడలయ్యాయి. రాజు శాంతులు చేయించాడు. హోమం పొగకు కళ్లు మండాయే తప్ప, చారలు ఆగలేదు.

చివరికి చేమంతి మొగ్గలు పోయాయి. ఆ ఉదయం వెండి చార గోడ మీదుగా పైకి పాకి, రాణి కిటికీ అంచు దాకా వచ్చి ఉంది.

రాణి అది చూసి కెవ్వున అరిచింది. ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. "పూలైపోయాయి, ఇక నా బిడ్డ కోసం వస్తుంది" అని కలవరిస్తూ, గుక్కెడు గంజి కూడా ముట్టలేదు.

ఆ రోజే భటులు కోట గోడ బయట అసిరమ్మను పట్టుకున్నారు. ఆమె చేతులకు జిగురు. నెత్తిమీది గంపకు వెండి చార. ఇంకేం కావాలి? బాతుల్ని కర్రలతో చెదరగొట్టారు. ఆ దెబ్బలకు కొన్ని అక్కడే మెడలు వాల్చేశాయి. ఆమెను సభకు ఈడ్చుకొచ్చారు.

"గోడ పక్కన ఏం చేస్తున్నావు?" అని రాజు గర్జించాడు.

"నత్తలు ఏరుకుంటున్నాను బాబూ, నా బాతులకు."

"నత్తలట! నత్తలు రాణిగారి కిటికీ ఎక్కుతాయా?" అన్నాడు జ్యోతిష్కుడు.

"ఎప్పుడైనా మా తోటలో అడుగు పెట్టావా?" అని రాజు అడిగాడు.

అసిరమ్మ తల ఎత్తింది. ఒక స్తంభం చాటున వణుకుతూ నూకయ్య నిలబడి ఉన్నాడు. ఆమె అతణ్ణి చూసి, తల దించుకుంది. పెదవి విప్పలేదు.

ఆ మౌనమే ఒప్పుకోలు అనుకున్నారు అందరూ. పొద్దు గుంకేలోగా పులికోనలో వదిలిరమ్మని రాజు ఆజ్ఞాపించాడు.

చేతులు కట్టి తీసుకుపోతుంటే, ఆమె నూకయ్య పక్కగా నడిచింది. అతనికి మాత్రమే వినబడేట్టు అంది: "భయపడకు తమ్ముడూ. నేను చెప్పను."

ఆ మాట నూకయ్య గుండెలో ముల్లులా దిగింది. వణుకుతూనే పరుగెత్తి, రాజు పాదాల దగ్గర కూలబడ్డాడు.

"ఆగండి మహారాజా! పిశాచమూ లేదు, పాడూ లేదు. అవి నత్తలే. ఏటా ఆ తల్లి బాతులే తోటను కాపాడాయి. వాకిలి తీసి రానిచ్చింది నేను. ఇన్నాళ్లూ ప్రాణభయంతో నోరు మెదపలేదు. పులికోనకు పంపాల్సింది నన్ను!"

రాజు చేయి కత్తి పిడి మీదికి పోయింది. "చూపించు. అబద్ధమని తేలిందా, ఇద్దర్నీ పంపుతాను" అన్నాడు.

అందరూ తోట వాకిలి దాకా వచ్చారు. అప్పటికి వెలుగు తగ్గుతోంది, తుంపర పడుతోంది. భటులు గడప దాటలేదు. రాజు అడుగు కూడా గడప మీదే ఆగిపోయింది. నూకయ్య ఒక్కడే లోపలికి వెళ్లాడు. ఒక్కో కుండీనీ దొర్లించాడు, కుళ్లాకుల పోగును కాలితో తన్నాడు.

అక్కడి నుంచి నత్తలు కదిలాయి. కొమ్ములు నిక్కించి, మెల్లమెల్లగా, మిగిలిన చేమంతి మొక్కల వైపు పాకాయి. వాటి వెనకాలే వెండి చారలు పరుచుకున్నాయి. ఒకటి అందరి కళ్లముందే గోడెక్కి, రాణి కిటికీ దారి పట్టింది. జ్యోతిష్కుడు పంచె పైకెత్తి పట్టుకుని, ఒక పక్కకు తప్పుకున్నాడు.

రాజు కత్తి పిడి మీంచి చేయి తీసి, నూకయ్య వైపు తిరిగాడు.

"నా ఆజ్ఞకు జడిసి నువ్వు నిజం దాచావు. అందులో నా తప్పూ ఉంది. కానీ నీ మౌనానికి ఒక ప్రాణం పోయేది. నీకు శిక్ష ఏమిటో నేను చెప్పను. ఆమే చెబుతుంది" అన్నాడు.

అసిరమ్మ కట్లు విప్పారు. ఆమె మణికట్లు రుద్దుకుంటూ నూకయ్యను చూసింది.

"నేను నీ కోసం నోరు మూసుకున్నాను తమ్ముడూ. నువ్వూ నీ కోసమే మూసుకున్నావు. నా బాతులు సగం పోయాయి. రేపటి నుంచి దొంగచాటుగా పిలవకు. నలుగురూ చూస్తుండగా వాకిలి తీసి, పేరు పెట్టి పిలువు. అదే నీకు శిక్ష."

నూకయ్య ఏడుస్తూ తలూపాడు.

మర్నాడు రాజు పాత ఆజ్ఞ కొట్టేశాడు. పోయిన బాతులకు బదులు బాతులిచ్చాడు. నూకయ్య కుళ్లాకులన్నీ ఎత్తిపోశాడు. తడి గోనెపట్టాలు పరిచి, వాటి కింద చేరిన నత్తల్ని బాతుల ముందు దులిపాడు. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా మొక్కల చుట్టూ నత్తలు దాటకుండా బూడిద చల్లాడు. రాణి కిటికీలోంచి బాతుల సందడి చూసింది. నత్తను దగ్గరికి తెప్పించుకుని మరీ చూసింది. ఆ పూట గంజి తాగింది. జ్వరం దిగింది. చేమంతులు మళ్లీ మొగ్గ తొడిగేనాటికి పండంటి బిడ్డను కంది.

నిజం తెలిసినవాడు నోరు మూసుకుంటే భయం ఊరంతా మేస్తుంది. వణుకుతూనైనా సరే నిజం చెబితే, నిలవాల్సిన ప్రాణం నిలుస్తుంది.