రెండు గరిటెల మరియమ్మ

పల్నాటి నాపరాళ్ళ గుట్టల నడుమ తుమ్మలదిన్నె అనే చిన్న ఊరు ఉంది. బస్సు దిగి పాత సున్నపు బట్టీల పక్కగా కాలిబాట పట్టుకుంటే గుట్ట మీద తెల్లటి గుడి కనిపిస్తుంది. అదే రెండు గరిటెల మరియమ్మ గుడి. ఇక్కడ పీఠం మీది తల్లి చంకన బాలయేసు ఉండడు. తల్లి చూలాలు. ఒక చెయ్యి కడుపు మీద ఆనించి, రెండో చేత్తో మట్టి చట్టి పట్టుకుని, దూరం నడిచి వచ్చిన మనిషిలా నిలబడి ఉంటుంది. మొదటిసారి వచ్చినవాళ్ళు బిడ్డ ఏడని అటూ ఇటూ వెతకడం మామూలే. బిడ్డ అక్కడే ఉన్నాడు, కాస్త నిదానించి చూడాలి.

శనివారం దివ్యపూజ అయ్యాక గుడి వెనుక వంటశాలలో జొన్న అంబలి పోస్తారు. వరుసలో గర్భిణీ స్త్రీ వస్తే గరిటె పట్టుకున్నావిడ "ఎంతమందొచ్చారమ్మా?" అని అడుగుతుంది. "ఇద్దరం" అని ఆ తల్లే చెప్పాలి. పక్కనున్న మొగుడు హుషారుపడి "ముగ్గురం" అన్నాడా, "నీ చట్టి నీ చేతిలోనే ఉందిగా అబ్బాయ్, ముందు ఆమెను చెప్పనీ" అని అందరూ నవ్వుతారు. తరువాత ఆమె చట్టిలో రెండు గరిటెలు పడతాయి. కడుపుతో ఉన్నామె కడుపునిండా తినాలని పోసే అదనపు గరిటె కాదది. రెండో మనిషి వంతు. ఈ ఆచారం ఎలా వచ్చిందో తుమ్మలదిన్నె పెద్దలు చెప్పుకునే కథ ఇది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, గుట్ట కింద తాటాకుల పాక ఒకటే ఉండేది. ఒకప్పుడు ఏళ్ళ తరబడి వానలు ముఖం చాటేశాయి. జొన్న చేలు బీళ్ళయ్యాయి. జనం బలుసాకు ఉడికించుకుని రోజులు నెట్టారు. ఇక్కడి క్రైస్తవుల మంచిచెడ్డలు చూసే అప్పటి విచారణ గురువులు జోజి స్వాములవారు కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ళు తిరిగి, కాళ్ళావేళ్ళా పడి గింజలు తెచ్చి, ఆ పాకలో గంజి కాగు పెట్టించారు. మొదట్లో కొందరు వలస పోయినవాళ్ళ పేర్లు కూడా చెప్పి పోయించుకునేవారు. దానితో చివర నిలబడ్డవాళ్ళకు కాగు అడుగే మిగిలేది. అందుకని స్వాములవారు ఒక కట్టడి పెట్టారు. తలకొక గరిటె. అదీ తల కనపడితేనే.

గరిటె ఆరోగ్యమ్మ చేతికిచ్చారు. ముసలామె, వెనకా ముందూ ఎవరూ లేరు. నోరు మాత్రం పెద్దది. ఆమె ఒక్క కేక వేస్తే కుక్కలు కూడా వరుసలో నిలబడేవని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ వరుసలోకి రోజూ వచ్చేది ఇన్నాసమ్మ. సున్నపు బట్టీలో పనిచేసే రాయప్ప భార్య. చలికాలంలో కలరా తగిలి రాయప్ప కన్నుమూశాడు. చంకలో పసిపిల్ల తెరేజ మిగిలింది. కడుపులో మరొక బిడ్డ ఉందని అతణ్ణి సమాధి చేసిన తరువాత గానీ ఆమెకు తెలియలేదు. తెలిశాక ఎవరికీ చెప్పలేదు. ఎండిపోయిన ఒంటి మీద పైట నిండుగా కప్పుకుని దాచుకుంది. పుట్టబోయే బిడ్డ మీద ఆమెకు కోపం లేదు. ఉన్న పిల్లకే పెట్టలేకపోతున్నాను, రెండోదాన్ని ఆకలికి కని ఆకలికే అప్పగించాలా అన్నదే ఆమె బాధ. రమ్మని ఏడిపించడం కంటే రావద్దనడమే దయ అనుకుంది. ఒకరోజు మంత్రసాని దగ్గరికి పోయి మందు అడిగింది. మంత్రసాని కసాయిది కాదు. బాగా ఆలోచించుకోమని రెండుసార్లు వెనక్కి పంపింది. మూడోసారి ఈమె ఏడుపు చూడలేక, శుక్రవారం సందెవేళకు రమ్మంది.

ఆ శుక్రవారం పొద్దున ఇన్నాసమ్మ గంజికి వచ్చింది. మందు తట్టుకోవాలంటే ఒంట్లో కాస్త సత్తువ ఉండాలని వచ్చింది. తెరేజ చట్టిలో ఒక గరిటె పడింది. తన చట్టిలో ఒక గరిటె పడింది. చెయ్యి వెనక్కి తీసుకోబోతుండగా ఆరోగ్యమ్మ ఆమె ముఖంలోకి ఒకసారి, పైట కొంగు వైపు ఒకసారి చూసింది. కాగులో గరిటె ముంచి అదే చట్టిలో మళ్ళీ పోసింది.

వెనుక నిలబడ్డ రాళ్ళు కొట్టే చిన్నప్ప ఊరుకుంటాడా!

"ఏందే ముసలీ, ఆమెకి రెండేంది? మేమేమన్నా మనుషులం కామా?"

"ఇద్దరొచ్చారు. ఇద్దరికీ పోశా."

"ఏడీ రెండో మనిషి? తల కనపడితేనేగా గరిటె!"

నలుగురి కళ్ళూ ఇన్నాసమ్మ కడుపు మీదికి తిరిగాయి. ఇన్నాళ్ళూ దాచుకున్నది నడివీధిలో పడినట్టయింది. సిగ్గుతో ఆమె తల నేలకు దించుకుంది. గొడవ విని స్వాములవారు బయటికి వచ్చారు. విషయం అర్థమై ఆయన ముఖం చిన్నబోయింది. అయినా వరుస చివర నిలబడ్డవాళ్ళను చూసి, "కట్టడి అందరికీ ఒకటే ఆరోగ్యమ్మా. ఒకరికి సడలిస్తే రేపు ఎవరిని ఆపగలం?" అన్నారు.

"మీ కట్టడికేం కాలేదయ్యా. అందరికీ పోశాక నాకూ ఒక గరిటె మిగులుతాదిగా? అది నేను తాగను. ఈ బిడ్డకి పోశా. నా గరిటె నా ఇష్టం" అంది ఆరోగ్యమ్మ.

స్వాములవారు తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయారు. చిన్నప్ప గొణుక్కుంటూ చట్టి ముందుకు చాపాడు.

ఇన్నాసమ్మకు ఒళ్ళు మండిపోయింది. ముసలిదాన్ని తిట్టుకుంటూ ఇంటికి పోయింది. గంజి మాత్రం తాగింది. సందెవేళ కొంగు బిగించి మంత్రసాని ఇంటి దారి పట్టింది కానీ సగం దారిలో కాళ్ళు ఆగిపోయాయి. ఇంకా పుట్టని బిడ్డకు ఈ పొద్దు ఎవరో అన్నం పెట్టారు. ఆ పెట్టిన మనిషి ఈ పూట పస్తు పడుకుంటుంది. తిని వచ్చిన బిడ్డను ఎలా పంపించెయ్యడం? వచ్చే శుక్రవారం చూద్దాంలే అనుకుని వెనక్కి తిరిగింది. ఆ వచ్చే శుక్రవారం కూడా అలాగే జరిగింది. రోజూ ఆమె చట్టిలో రెండు గరిటెలు పడుతూనే ఉన్నాయి.

ఎండలు ముదిరాయి. మరియతల్లి తానూ కడుపుతో ఉండి, ముసలితనంలో గర్భవతైన తన బంధువు ఎలిజబెతమ్మను చూడబోయిన సందర్శన పండుగ రేపనగా, ఆరోగ్యమ్మ పొయ్యి దగ్గర కుప్పకూలింది. నీళ్ళు చల్లి పాకలో పడుకోబెట్టారు. ఇన్నాసమ్మ పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పుల్లలా ఉంది.

"ఎందుకవ్వా నీకీ పని? నా బిడ్డ కోసం నువ్వు చస్తావా? నేనసలు దాన్ని ఉంచుకోదలచలేదు. మందుకి పోదామనుకున్నా. ఆ బిడ్డకా నువ్వు పోసింది!" అని బావురుమంది.

ఆరోగ్యమ్మ కోప్పడలేదు. ఆయాసం తీర్చుకుంటూ చెప్పింది.

"ఎరుగుదునమ్మా. నీ మొహంలో కనపడింది. నేనూ ఒక కరువులో నీలాగే నిలబడ్డా, కడుపుతో. నన్ను ఎవరూ ఎంతమందొచ్చారని అడగలా. ఒక్కరికే పోశారు. ఆ గంజితో నేను బతికా, బిడ్డ బతకలా. పాపం, పోసినోళ్ళకి తెలియదు. వాళ్ళనేమీ అననుగానీ, నాకు గరిటె చేతికొస్తే మాత్రం ఆ లెక్క చూడకుండా పొయ్యకూడదనుకున్నా. సర్వేశ్వరుడు ముసలితనంలో ఇచ్చాడు గరిటె. కడుపులో ఉన్నదాన్ని చూసే ఆ అయ్య నీ ఖాళీ చట్టి చూడకుండా ఉంటాడా?"

ఇన్నాసమ్మ ఆమె గుండెల మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. రాయప్ప పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు. మనసు తేలిక పడ్డాక లేచి కళ్ళు తుడుచుకుంది. రేపు గరిటె తాను పడతానంది.

పండుగ నాడు గింజలు అడుగంటాయి. కాగులో ఉన్నది పలచటి గంజి, అదే ఆఖరు. ముసలామె పస్తుల సంగతి అప్పటికే ఊరంతా పాకిపోయింది. వరుసలో ముందు నిలబడ్డది చిన్నప్పే. ఇన్నాసమ్మ గరిటె ముంచగానే అతడు చట్టి కాస్త వెనక్కి లాగాడు.

"నిండా పొయ్యమాక. కొంచెం తగ్గించి పొయ్యి" అన్నాడు, ఎటో చూస్తూ.

"ఎందుకన్నా?"

"ఆ తగ్గించింది నీ లోపలి బిడ్డకి. ముసలిది తన గరిటె తను తాగాల. మళ్ళీ పడిపోతే మోయలేక చస్తన్నాం."

వెనుకవాళ్ళు ఆ మాట విన్నారు. ఒకరి తరువాత ఒకరు "నాకూ తగ్గించు" అన్నారు. కాగు అక్షయపాత్రలా ఊరిందని కొందరు యాత్రికులు చెప్పుకుంటారు. ఈ ఊరి పెద్దలు అలా చెప్పరు. ఊరింది చిన్నప్ప మనసేనని, ఆ మనిషిని ఎరిగినవాళ్ళకు అంతకంటే పెద్ద అద్భుతం అక్కర్లేదని అంటారు.

తెరేజతో సహా అందరికీ పోశాక కాగులో మూడు గరిటెల గంజి మిగిలింది. ఒకటి తీసి ఆరోగ్యమ్మకు పంపింది. తనకొకటి, కడుపులోని బిడ్డకొకటి మిగిలాయి. సరిగ్గా అప్పుడు గుట్ట వైపు నుండి ఒక పడుచు నడిచి వచ్చింది. ఊరిది కాదు. కాళ్ళు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. చేతిలో చట్టి ఉంది. ఇన్నాసమ్మ గరిటె అడుగున ముంచి ఆగింది. మామూలుగా పోసెయ్యలేకపోయింది. ఆరోగ్యమ్మను ఆనాడు ఎవరూ అడగని మాట ఆమె నోట వచ్చింది.

"ఎంతమందొచ్చారమ్మా?"

ఆ పడుచు ముఖం విప్పారింది. "ఇద్దరం" అంది.

ఇన్నాసమ్మ తన వంతు గరిటె పోసింది. బిడ్డ వంతు పొయ్యడానికి ఒక్క క్షణం తటపటాయించింది. తరువాత అది కూడా పోసేసింది. కడుపు మీద చెయ్యి వేసుకుని, 'ఈ పూటకి ఓర్చుకో తల్లీ, నీలాంటి వాళ్ళకే పోశా' అనుకుంది. బిడ్డతో ఆమె మాట్లాడడం అదే మొదటిసారి.

ఆ పడుచు గంజి తాగి, చట్టి కడిగి, ఇన్నాసమ్మ కడుపు తాకి దీవించింది. ఎక్కడికమ్మా అంటే, కొండ ఊళ్ళో తన బంధువు ముసలితనంలో నీళ్ళోసుకుందని, చూసిరావడానికి పోతున్నానని చెప్పి గుట్టెక్కింది. చిన్నప్ప తోడుగా పోదామని వెనకాలే ఎక్కాడు. పైన ఎవరూ కనిపించలేదు. గుట్టకు ఆవలి వైపు నుండి మాత్రం, కృష్ణ ఒడ్డు ఊళ్ళవాళ్ళు పంపిన జొన్నల బండ్లు వరుసగా వస్తున్నాయి. ఆ పడుచు ఎవరో ఇక్కడ రాయడం లేదు. పీఠం మీది స్వరూపం చూసినవారికి రాయనక్కర్లేదు.

మరునాడే స్వాములవారు పాత కట్టడి తీసేసి, కడుపులోని బిడ్డకూ ఒక గరిటె వంతు పెట్టారు. వానలు పడ్డాక ఇన్నాసమ్మకు ఆడపిల్ల పుట్టింది. దర్శనమ్మ అని పేరు పెట్టారు. ఆరోగ్యమ్మ ఆ పిల్లను ఒళ్ళో వేసుకుని, "దీన్ని చూడకముందే దీని ఆకలి చూశా" అని ఊరంతా చాటింది. ఆమె తరువాత గరిటె ఇన్నాసమ్మకు, ఆమె నుండి దర్శనమ్మకు వచ్చింది. పుట్టకముందే వంతు అందుకున్న ఆ మనిషి తల నెరిసేదాకా ఇక్కడ అంబలి పోసింది. ఆరోగ్యమ్మ వాడిన కొబ్బరిచిప్ప గరిటె నేటికీ పీఠం పక్కన అద్దాల పెట్టెలో ఉంది.

ఇక్కడికి వచ్చి రెండో గరిటె అందుకున్న తల్లులు సుఖంగా ప్రసవిస్తారని, ఆ బిడ్డల ఇంట అన్నానికి కొదవ ఉండదని భక్తుల నమ్మకం. వచ్చేవాళ్ళు వెంట పిడికెడు జొన్నలు తెచ్చి కాగులో వెయ్యడం ఆనవాయితీ.

ఒక మాట చెప్పాలి. ఈ వరుసలోకి నిండు చూలాళ్ళే కాదు, ఇతరులు కూడా వస్తారు. నెలలు నిండకుండా బిడ్డ జారిపోయినవాళ్ళు వస్తారు. ఎప్పుడో దిక్కుతోచని రోజున మందు మింగి, ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పుకోలేనివాళ్ళు వస్తారు. జుట్టు నెరిసిన ముసలమ్మలు కూడా వస్తారు. గరిటె పట్టినామె వాళ్ళనూ అదే మాట అడుగుతుంది. కొందరు చాలాసేపు నోరు తెరవలేరు. వెనుకవాళ్ళు తొందరపెట్టరు. చివరికి వాళ్ళు నేల చూస్తూ "ఇద్దరం" అంటారు. రెండోవారు ఏరని ఇక్కడ ఎవరూ అడగరు. రెండు గరిటెలూ నిండుగా పోస్తారు.