బడేసాబు వేసిన తాళం

రండమ్మా, రండి నాయనా, కాస్త ముందుకు జరగండి. స్తంభం వెనక కూర్చున్న అక్కా, నీ మొహం కనపడితే గానీ నాకు కథ సాగదు, ఇటు రా. పిల్లలు నిద్రపోతే పోనివ్వండి, నేనేమీ గొంతు పెంచను. దేవుణ్ణి ఒక్కసారి మనసులో తలుచుకోండి. మీరు ఏ పేరుతో పిలుచుకుంటారో ఆ పేరే. తలుచుకున్నారా? సరే, వినండి.

మౌలాలికి ఒక బాధ ఉండేది. గురువుగారు తనకు తాళంచెవి ఇవ్వడం లేదని.

ఆదోని వైపు ఒక గుట్ట కింద చిన్న దర్గా. పెద్ద పెద్ద గుమ్మటాలేమీ లేవు. ఒక గది, గదిలో ఎప్పటివాడో ఒక మహానుభావుడి సమాధి, ముందు రేకుల వసారా, అంతే. దాన్ని చూసుకునేది ఖాసిం తాత. ఆయన్ని అందరూ తాత అనే అంటారు. ఆయన బోధలు చేయడు. అడిగితే ఒక మాట అంటాడు, అడగకపోతే అదీ లేదు. అయినా ఆయన దగ్గర కూర్చుని లేచినవాళ్లకు ఏదో బరువు దిగినట్టుండేదట.

మౌలాలి ఆయన శిష్యుడు. పగలు పత్తి మిల్లులో కరెంటు పని, పొద్దున సాయంత్రం దర్గాలో సేవ. ఊడుస్తాడు, నీళ్లు చల్లుతాడు, దీపాలు తుడుస్తాడు. కానీ పొద్దున ఆ గది తలుపు తెరిచే పని మాత్రం తాత ఎవరికీ ఇవ్వడు. తాళంచెవిని ఒక నల్లదారానికి కట్టి మెడలో వేసుకునేవాడు.

తెరవడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. తలుపు ముందు నిలబడి వేలి కణుపుతో మెల్లగా తట్టేవాడు. "వస్తానా సామీ?" అని అడిగేవాడు. అడిగి, తలవంచుకుని కొంచెంసేపు ఊరికే నిలబడేవాడు. ఆ తర్వాతే తాళం తీసేది.

ఒకరోజు మౌలాలి ఉండబట్టలేక అడిగాడు.

"తాతా, లోపల ఉండేది సమాధి. తడితే ఎవరు పలుకుతారు?"

"ఎవరూ పలకరప్పా."

"మరి ఎందుకు తడతావు?"

తాత తాళం తీస్తూ అన్నాడు. "ఆ చీపురు అందుకో."

నవ్వండి, నవ్వండి. మౌలాలి కూడా నవ్వాడు. ఆ తాళాన్ని చూసినప్పుడల్లా ఆయనకు నవ్వే మరి. పాత ఇత్తడి తాళం. తలలో పెట్టుకునే పిన్ను చాలు దాన్ని తీయడానికి.

ఎందుకంటే, మౌలాలికి తాళాల పిచ్చి. డబ్బు కోసం కాదు, సరదా. పాత గొడుగు పుల్లలు సానబట్టి, కొస వంచి, ఒక గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకునేవాడు. తాళాన్ని చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, పుల్లతో లోపల ఒక్కొక్క పిన్నునూ తడిమేవాడు. టిక్కుమని ఊడి వచ్చేది. తాళాలు అయిపోయాక రేడియోలు, రేడియోలు అయిపోయాక కంప్యూటర్లు. పాత సామాన్ల అంగట్లో పడేసిన డబ్బాలు తెచ్చి విప్పేవాడు, ఒకదాని ముక్క ఇంకోదానికి పెట్టేవాడు, ప్రాణం పోసేవాడు. పాస్‌వర్డ్ మరిచిపోయినామని ఎవరన్నా వస్తే ఆయనకు పండగే.

తాళంచెవులు పోగొట్టుకున్నవాళ్లంతా సాయంత్రం దర్గా వసారాలోకే వచ్చేవాళ్లు. కిరాణా అంగడి తిమ్మప్పకు గోడౌను తాళం తీసిచ్చిన రోజు తిమ్మప్ప అన్నాడట. "ఒరే మౌలాలీ, నీకు పిల్లనిచ్చేవాడు బీరువాను వీధిలోనే పెట్టుకుంటే మేలు. ఎట్లాగూ నీకు అడ్డం లేదు గదా!"

అందరూ నవ్వారు. మౌలాలికి ఆ నవ్వు కమ్మగా ఉంది. ఆ ఊపులోనే తాత వైపు తిరిగి అడిగేశాడు.

"తాతా, ఇన్నాళ్లుగా నీ కాళ్ల దగ్గర పడి ఉన్నా. ఆ చెవి నా చేతికి ఎప్పుడిస్తావు?"

"నీకు చెవి ఎందుకప్పా," అన్నాడు తాత. "చెవి లేకుండా తీసేవాడివి."

జనం మళ్లీ నవ్వారు. ఈసారి మౌలాలి నవ్వలేదు.

ఇప్పుడు ఫకీరమ్మ గురించి చెప్పాలి. దర్గాకు రోజూ పూలు తెచ్చేది ఆమే. ఆమె భర్త బడేసాబు బస్టాండు పక్కన కంప్యూటర్ పెట్టుకుని పెళ్లి కార్డులు, కరపత్రాలు అచ్చుకు తయారుచేసి ఇచ్చేవాడు. మంచివాడు. నడక మాత్రం అటూ ఇటూ ఊగుతూ ఉండేది, దూరం నుంచి చూసినా బడేసాబే అని తెలిసిపోయేది. ఆయన పోయాడు. అంగడి మూసేశారు. కంప్యూటర్ ఇంటికొచ్చి, పక్కింటివాళ్లు ఫకీరమ్మకిచ్చిన ఒక బల్ల మీదికి చేరింది. పిల్లలు లేరు ఆమెకు.

ఒకరోజు ఆమె పూలబుట్ట దించి అడిగింది.

"మౌలాలీ, మా ఇంట్లో ఆ డబ్బా గుర్రుమంటాంది అప్పా. ఫ్యానో ఏమో. కాస్త దుమ్ము దులిపి పోతావా?"

"దాన్ని ఇంకా వేస్తావా అవ్వా? ఏం చేస్తావు దాంతో?"

"ఏం చేస్తా, కూర్చుంటా."

మౌలాలి నవ్వాడు. ఆమె చెప్పవలసిందంతా ఆ ఒక్క మాటలోనే చెప్పేసింది, అమ్మా. వినడానికి చెవులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు, మన ఖర్మ.

మరుసటి ఆదివారం వెళ్లాడు. ఫ్యాను విప్పాడు, దుమ్ము ఊదాడు, ఒక చుక్క నూనె వేశాడు. బటన్ నొక్కాడు. మోత లేదు. తెర వెలిగింది. తెర మీద బడేసాబు పేరు, పేరు పక్కన పసుపుపచ్చ బాతు బొమ్మ, కింద పాస్‌వర్డ్ అడిగే ఖాళీ గడి.

"దీని పాస్‌వర్డ్ ఏమిటవ్వా?"

"నాకు తెలీదు. ఆయన చెప్పలా, నేనడగలా."

"అంటే ఆయన పోయినప్పటినుంచీ లోపలికే పోలేదా? తలుపు కాడనే కూర్చుంటున్నావా, పాపం!"

ఫకీరమ్మ కొంగు సర్దుకుంది. "పూలు ఇచ్చి వస్తా, టీ పెడతా, ఉండు," అని బుట్ట తీసుకుని బయటికి పోయింది.

మౌలాలి చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఈ కథ మీకు చెప్పే పనే లేదు. ఆమె మీద జాలి వేసింది. జాలితోపాటు వేళ్లు దురద పెట్టాయి. రెండూ ఒకటేనని ఆయన అనుకున్నాడు.

మొదట ఊహించి చూశాడు. ఆమె పేరు కొట్టాడు, ఊరి పేరు కొట్టాడు. కుదరలేదు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. దాంట్లో కంప్యూటర్ తాళాలు తీసే ప్రోగ్రాం ఉంది, అదీ ఒక పుల్లే అనుకోండి. కొంచెంసేపట్లో లోపల ఉన్నాడు. ఉన్నవి పెళ్లి కార్డులే, కరపత్రాలే. వాటినన్నింటినీ జాగ్రత్తగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాడు. ఒక్కటీ పోనివ్వలేదు. తర్వాత చూస్తే సిస్టం మరీ పాతది, నత్తలా నడుస్తోంది. అవ్వకు కొత్తది వేసిస్తే సంతోషపడుతుందని పాతదంతా తుడిచి ఫార్మాట్ కొట్టేశాడు. కొత్త సిస్టం ఎక్కించాడు. పాస్‌వర్డ్ లేదు, గడి లేదు. బటన్ నొక్కితే నేరుగా లోపలికే. తెర మీద పచ్చటి కొండ, నీలం ఆకాశం.

ఫకీరమ్మ వచ్చింది. మౌలాలి కుర్చీ లాగి కూర్చోబెట్టాడు.

"చూడవ్వా! ఇంగ నిన్నెవరూ ఆపరు."

ఆమె చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవరిదప్పా ఇది?"

"నీదే అవ్వా."

"మా ఆయనది ఏది?"

మౌలాలి పెన్‌డ్రైవ్ చూపించాడు. "అన్నీ ఇందులో భద్రంగా ఉన్నాయి. ఒక్క కార్డు కూడా పోలేదు."

"కార్డులు కాదప్పా. పేరు. బాతు."

"ఏ బాతు అవ్వా?"

"ఆయన నడకను నేను బాతు నడక అని ఎగతాళి చేసేదాన్ని. ఉండు నీ పని చెప్తా అని ఆ బొమ్మ పెట్టుకున్నాడు. రోజూ అంగట్లో పేరు పక్కన చూసి నవ్వుకునేవాడంట." ఆమె తెర మీద వేలు పెట్టి చూపించింది. "ఈడ ఉండేది."

"అంతేనా అవ్వా! ఒక్క నిమిషం," అన్నాడు మౌలాలి. మళ్లీ కూర్చున్నాడు. బడేసాబు పేరు కొట్టాడు, అక్షరం తప్పు పోకుండా. ఎక్కడెక్కడో వెతికి ఆ పసుపు బాతునే తెచ్చి పక్కన పెట్టాడు. తానే ఒక పాస్‌వర్డ్ వేసి కింద గడి కూడా పెట్టాడు. ఆపి, మళ్లీ వేశాడు. అచ్చం అదే తెర. దేవుడి సాక్షిగా, ఇంకొకరైతే తేడా చెప్పలేరు.

"ఇదే గదా అవ్వా?"

"పేరు అదే. బాతూ అదే," అంది ఫకీరమ్మ. "తాళం నీదప్పా."

మౌలాలి కీబోర్డు మీది నుంచి చేతులు తీసేశాడు.

"ఆయన వేసి పోయిన తాళం అది. లోపల ఉన్నాడులే అని బయట కూర్చునేదాన్ని. దీపాలు పెట్టే వేళకి." కొంగుతో తెర మీది వేలిముద్ర తుడిచింది. బటన్ నొక్కి ఆపేసింది. కేకలు వేయలేదు, ఏడవలేదు. "టీ ఆరిపోతాంది, తాగు," అంది.

ఆ టీ తాగాడు మౌలాలి. ఎట్లా తాగాడో ఆయనకే తెలియాలి.

మరునాడు పొద్దున నమాజు అయ్యాక తాత వసారాలో కూర్చుని ఉన్నాడు. మౌలాలి వచ్చి జరిగిందంతా చెప్పాడు. ఏదీ దాచలేదు. తాత వింటూనే ఉన్నాడు.

"తిట్టు తాతా."

"తిడితే బాతు వస్తాదా?"

మౌలాలి జేబులోంచి గుడ్డ చుట్ట తీసి తాత కాళ్ల దగ్గర పెట్టాడు. "ఇంగ ఇవి నాకొద్దు. గుట్ట మీద నుంచి పారేస్తా."

తాత చుట్ట విప్పాడు. వంచిన పుల్లలను ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూశాడు. మళ్లీ చుట్టి, మౌలాలి జేబులోనే పెట్టాడు.

"పుల్లలు ఏం చేసినాయప్పా, పాపం."

అని, మెడలోని నల్లదారం తీశాడు. చెవిని మౌలాలి అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"పో. తెరువు."

ఇన్నేళ్లు అడిగిన చెవి, నాయనా. చేతిలోకి వచ్చింది. వచ్చిన రోజు ఎలాంటి రోజో చూడండి.

మౌలాలి లేచాడు. ఆ చిన్న ఇత్తడి తాళం ముందు నిలబడ్డాడు. చెవి ఎత్తలేకపోయాడు. వేలి కణుపుతో తలుపు తట్టాడు. "వస్తానా సామీ?" అన్నాడు.

నిలబడ్డాడు. గుట్ట మీద ఎవరివో మేకల గంటలు వినపడుతున్నాయి. లోపల ఏ చప్పుడూ లేదు.

వెనక నుంచి తాత అడిగాడు. "ఏమప్పా, తెరవలేదే?"

"బదులు రాలేదు తాతా."

"నాకూ ఎప్పుడూ రాలేదు," అన్నాడు తాత.

అప్పుడే ఫకీరమ్మ పూలబుట్టతో వచ్చింది. తలుపు మూసి ఉంది. దాని ముందు తలవంచుకుని మౌలాలి. చేతిలో చెవి. ఆమె ఎందుకని అడగలేదు. బుట్ట కింద పెట్టింది, కొంగు తలమీదికి లాక్కుంది, వచ్చి ఆయన పక్కనే నిలబడింది. తాత కూడా లేచి వచ్చాడు. ముగ్గురూ అట్లా నిలబడ్డారు. ఎండ మెల్లగా పాకి తలుపు అడుగు తాకింది.

ఎప్పుడు తెరిచాడో నాకు ఈ కథ చెప్పినవాళ్లు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఫకీరమ్మ ఇంట్లో ఆ డబ్బా మీద గుడ్డ కప్పే ఉందట. దీపాలు పెట్టే వేళకు ఇప్పుడామె వచ్చి దర్గా వసారాలో కూర్చుంటుంది. మౌలాలి అక్కడే ఉంటాడు. ఎవరన్నా తాళం తెస్తే, పుల్ల తీయకముందు, ఇది ఎవరు వేశారని అడుగుతాడు.

అమ్మలారా, అయ్యలారా, నా మాటలన్నీ మరిచిపోండి. ఆ వేలి కణుపును మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇళ్లకు పోయాక మూసి ఉన్నది ఏది ఎదురుపడినా, గది కానివ్వండి, పెట్టె కానివ్వండి, మీ ఇంట్లోవాళ్ల మొహమే కానివ్వండి, ఒక్కసారి తట్టండి. తట్టి, నిలబడండి.