చిటికెడు యూరియా

కాలేజీ మేడ మీద తొట్టిలో జోయెల్ పెంచుతున్న నాచు మళ్ళీ పాలిపోయింది.

ఆ నాచు నుంచి నూనె తీసి బండ్లు నడపాలని అతనిదీ, అతని గురువు సుమిత్రాబాయి గారిదీ ప్రయత్నం. ఎరువు వేస్తే నాచు బాగానే పెరుగుతుంది. కానీ ఆ ఎరువు తయారీకే బోలెడు ఇంధనం తగలబెట్టాలి. అందుకని ఆవిడ, గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మార్చే బ్యాక్టీరియాను తొట్టిలో కలిపించారు. నాచు వాటికి తిండి పెడుతుంది, అవి నాచుకు ఎరువు ఇస్తాయి. అదీ ఆవిడ ఆశ.

బ్యాక్టీరియా పని చెయ్యడం లేదనీ, నెలాఖరుకి డబ్బిచ్చే సంస్థ వాళ్ళు చూడటానికి వస్తారనీ, నచ్చకపోతే అంతా ఆగిపోతుందనీ జోయెల్ ఆవిడతో మొరపెట్టుకున్నాడు.

ఆవిడ మేడెక్కి తొట్టి చూశారు. తర్వాత అతని ముఖం చూశారు.

"ఏం వేస్తున్నావు ఇందులో?"

జోయెల్ తల వంచుకున్నాడు. పాలిపోయినప్పుడల్లా చూడలేక చిటికెడు యూరియా వేస్తున్నానని ఒప్పుకున్నాడు.

ఆవిడ కోప్పడలేదు. పొట్లం అడిగి తీసుకుని, వరండాలోని క్రోటన్ మొక్కలకి తలా కాస్త చల్లేశారు.

"ఎరువు ఊరికే దొరుకుతుంటే ఆ బ్యాక్టీరియా ఎందుకు చేస్తాయి, నాయనా?"

"ఈలోగా నాచు చచ్చిపోతే, మేడమ్?"

"నాకూ భయమే," అన్నారు ఆవిడ.

నాచు ఎండుగడ్డి రంగుకు తిరిగింది. జోయెల్‌కి అన్నం సయించలేదు. సాయంత్రాలు ఆవిడ ఇంటి నుంచి ఉప్మా తెచ్చి, అతను తినేదాకా కదిలేవారు కాదు. ఒక ఉదయం తొట్టి అంచుల్లో లేత పచ్చదనం కనిపించింది. సంస్థ వాళ్ళొచ్చే నాటికి నీళ్ళంతా పరుచుకుంది.

ఇలాంటి సమావేశాల్లో ఎప్పుడూ మాట్లాడేది ఆవిడే. ఆ రోజు మాత్రం వెళ్ళి వెనక వరసలో కూర్చున్నారు. వచ్చినవాళ్ళలో పెద్దాయన, బ్యాక్టీరియా మీద అంత నమ్మకం ఏమిటని అడిగాడు. జోయెల్ తడబడ్డాడు. ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

జోయెల్ పెద్దాయన వైపు తిరిగాడు.

"ముందు నాకూ నమ్మకం లేదండీ," అని మొదలుపెట్టాడు. యూరియా సంగతి కూడా దాచకుండా చెప్పాడు. పెద్దాయన మధ్యలో అడ్డురాకుండా విని, చివరికి పని కొనసాగించమన్నాడు.

అందరూ వెళ్ళిపోయాక, అంత ఇబ్బందిలో ఒక్క మాటైనా ఎందుకు అందించలేదని అడగడానికి జోయెల్ ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.

ఆవిడ ఒళ్ళో పైటకొంగు నలిగి నలిగి తాడులా మెలితిరిగి ఉంది.

అడగబోయిన మాట అతని నోట్లోనే ఆగిపోయింది.